ఇంట్లో చూసుకునేటోళ్ళెవరు?

మా అమ్మమ్మది నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. కోపమొస్తే 'నీకు గత్తర రాను' అని తిట్టేది. ఇంకా కోపమొస్తే 'కోరంటికి తోలిస్త' అనేది. గత్తర అంటే కలరా అనీ, ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చిపెట్టిన జబ్బు అనీ పెద్దయ్యాక తెలిసింది. కోరంటి అంటే ఏమిటో మాత్రం చాలాకాలం తెలీలేదు. పొలిమేర అవతల, పోయినవాళ్ళు తిరిగి రాని ఊరేదో ఉందనుకునేదాన్ని. చదువుకోడానికి హైదరాబాదు వచ్చిన కొత్తలో సిటీ బస్సులో ఒక ముసలాయన 'కోరంటి దవాఖాన కాడ ఆపు' అని కండక్టర్ని అడిగాడు. బస్సు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ముందు ఆగింది. క్వారంటైన్ అన్న మాట మా అమ్మమ్మ నోట్లో కోరంటి అయిందని అప్పుడర్థమైంది. బడి మొహం చూడని మనిషి ప్రజారోగ్య చరిత్రలోని ఒక మాటని తిట్టుగా దాచిపెట్టి నాకిచ్చింది.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. ప్రజారోగ్యం నా రంగం కాదు. కానీ మాటలు నా రంగమే. అంటురోగాలకు తెలుగులో ఉన్న మాటలు చూడండి. మహమ్మారి, అమ్మవారు, పోచమ్మ, మారెమ్మ. మశూచి వస్తే 'అమ్మ పోసింది' అన్నాం. హైదరాబాదు బోనాల వెనక కూడా రెండు వందల ఏళ్ళ కిందటి ఒక మహమ్మారి, దాన్ని చల్లార్చమని మహంకాళికి మొక్కుకున్న మొక్కు ఉన్నాయని చెప్పుకుంటారు. రోగానికి మన భాష ఆడపేరు పెట్టింది. రోగి పక్కన కూర్చుని గంజి తాగించిన ఆడమనిషికి మాత్రం ఏ పేరూ పెట్టలేదు. ప్రభుత్వ రికార్డుల్లోనూ అంతే. ఎంతమంది చనిపోయారో, ఎన్ని ఇళ్ళు తనిఖీ చేశారో, ఎంత మందు చల్లారో ఉంటుంది. బతికినవాళ్ళు ఎవరి చేతుల మీద బతికారో ఉండదు.

2020 తర్వాత 'సంసిద్ధత' అన్న మాట ఎక్కడ చూసినా వినిపించింది. ఎన్ని పడకలు, ఎన్ని వెంటిలేటర్లు, ఎంత ఆక్సిజన్ అని లెక్కలు వేశారు. అవి వేయాల్సిన లెక్కలే. అయితే మన దేశంలో రాజ్యం మహమ్మారికి సిద్ధపడినప్పుడల్లా ఇంకొక లెక్క కూడా, చెప్పకుండా, వేసుకుంటూ వచ్చింది. అది ఇంటి లెక్క. ఇల్లు అంటే ఎవరో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను వివరించనక్కర్లేదు. 1897లో, 1918లో, 2020లో రాజ్యానికీ ఇంటికీ మధ్య ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడాలన్నది ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

ఇంట్లోకి వచ్చిన రాజ్యం

1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడింది. మాండ్వీ రేవుకు దగ్గర. బొంబాయి ఓడలను తమ రేవుల్లోకి రానివ్వమని యూరప్ దేశాలు పట్టుబడితే బ్రిటిష్ వ్యాపారం ఏమవుతుందన్నది ప్రభుత్వానికి పట్టుకున్న భయం. ఆ తొందరలో 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం వచ్చింది. నాలుగే సెక్షన్ల చట్టం. మామూలు చట్టాలు చాలవనుకుంటే ప్రభుత్వం ఎలాంటి నిబంధనైనా పెట్టవచ్చు. ప్రయాణికులను ఆపి పరీక్షించవచ్చు. అనుమానం ఉన్నవాళ్ళను వేరుగా ఉంచవచ్చు. మాట విననివాళ్ళను శిక్షించవచ్చు. చట్టం కింద పనిచేసిన అధికారి మీద దావా వేయడానికి వీల్లేదు. ఎత్తుకెళ్ళిన రోగికి తిండి ఎవరు పెట్టాలి, వెనక ఇంట్లో మిగిలిన పిల్లలను ఎవరు చూడాలి, ఆసుపత్రిలో ఆడవాళ్ళ దగ్గర ఎవరుండాలి అన్న ప్రశ్నలు ఆ చట్టంలో లేవు. అది అధికారాల చట్టం. బాధ్యతల చట్టం కాదు.

ఆ చట్టం ఎలా నడిచిందో పూనాలో కనిపించింది. ప్లేగు కమిటీకి అధిపతిగా వచ్చిన రాండ్ సైనికులను ఇళ్ళ సోదాకి పంపాడు. సోల్జర్లు వంటింట్లోకి, దేవుడి గదిలోకి, బాలింతలున్న గదిలోకి వెళ్ళారు. సామాను బయటవేసి కాల్చారు. రోగులను ఆసుపత్రికీ, ఇంట్లో మిగతావాళ్ళను శిబిరాలకూ తరలించారు. రైల్వే స్టేషన్లలో గజ్జల్లో, చంకల్లో బిళ్ళలున్నాయేమోనని తడిమి చూశారు. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్ మీద కాల్పులు జరపడం, తర్వాత తిలక్ మీద రాజద్రోహం కేసు, ఇదంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ పాఠాల్లో ఆడవాళ్ళు కనిపించేది ఒకే ఒక్క రూపంలో. పరాయి చెయ్యి తగిలిన శరీరాలుగా. 1898 మార్చిలో బొంబాయిలో అల్లర్లు మొదలైంది కూడా ఒక ముస్లిం నేతపనివారి ఇంట్లో పన్నెండేళ్ళ అమ్మాయిని ప్లేగు అనుమానంతో తీసుకెళ్ళబోయినప్పుడే. ఆ అమ్మాయి కోసం జరిగిన అల్లరి చరిత్రలో ఉంది. ఆమెకు నిజంగా జ్వరముందా, ఉంటే ఎవరు చూసుకున్నారు అన్నది చరిత్రకు పట్టలేదు.

పండిత రమాబాయి అడిగిన ప్రశ్న వేరు. 1897లో ఆమె 'బాంబే గార్డియన్' పత్రికకు రాసిన ఉత్తరంలో పూనా ప్లేగు ఆసుపత్రిలో ఆడపిల్లలకు రక్షణ లేదని, తన సంరక్షణలో ఉన్న ఒక అమ్మాయికే అక్కడ అన్యాయం జరిగిందని బాహాటంగా చెప్పింది. విషయం బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్ళింది. గవర్నర్ లార్డ్ శాండ్‌హర్స్ట్ ఆమె చెప్పింది తప్పని కొట్టిపారేశాడు. అదే ఏడాది పూనా స్త్రీల మీద సైనికుల అత్యాచారాల గురించి లండన్‌లో మాట్లాడిన గోఖలే, రుజువులు చూపించలేక తిరిగొచ్చాక క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. స్త్రీల మీద జరిగింది రుజువు కావాలంటే ఎవరో ఒకరు పేరు పెట్టి ముందుకు రావాలి. వస్తే ఆమె బతుకేమవుతుంది? నూట పాతికేళ్ళ కిందటి ఈ చిక్కు మనకేమీ కొత్తగా అనిపించదు.

జాతీయవాదులు 'మా ఇంట్లోకి ఎందుకొచ్చావు' అన్నారు. రమాబాయి 'తీసుకెళ్ళాక ఎలా చూశావు' అంది. రెండో ప్రశ్న ప్రజారోగ్యానికి అసలు ప్రశ్న. మన రాజకీయాల్లో మొదటిదానికి వచ్చిన జవాబు రెండోదానికి రాలేదు.

ఇద్దరు అక్షరాల మనుషులు

ఆ ప్లేగు కాలంలోనే ఇద్దరు స్త్రీల మరణాలను పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. సావిత్రీబాయి ఫూలే 1897 మార్చి 10న పోయింది. డాక్టరైన పెంపుడు కొడుకు యశ్వంత్‌తో కలిసి పూనా శివార్లలో ప్లేగు రోగులకు వైద్యం అందించే పనిలో ఉంది. ముంఢ్వా దళితవాడలో జబ్బుపడ్డ పిల్లవాడిని వీపున మోసుకొచ్చిందని, తర్వాత అదే జబ్బు ఆమెకు సోకిందని చెబుతారు. అప్పటికి ఆమెకు 66 ఏళ్ళు. ఒకవైపు ప్రభుత్వం సైనికులతో రోగులను పట్టుకెళుతున్న రోజుల్లో, ఇంకోవైపు ఎవరూ ముట్టుకోని పిల్లవాడిని ఒక ముసలావిడ మోసుకొచ్చింది. అంటరానితనం ఉన్న సమాజంలో అంటురోగం ఎవరిని ఒంటరిని చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో ఆమె మన బండారు అచ్చమాంబ. 1902లో 'హిందూ సుందరి'లో 'ధనత్రయోదశి' కథ రాసింది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల'తో తెలుగులో స్త్రీల చరిత్రకు పునాది వేసింది. బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టినవాళ్ళలో ఒకరు. బడికి వెళ్ళకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న మనిషి. భర్త ఉద్యోగరీత్యా మధ్య పరగణాల్లో ఉండేది. 1905 జనవరి 18న, 30 ఏళ్ళ వయసులో పోయింది. బిలాస్‌పూర్‌లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ జబ్బు సోకి చనిపోయిందని ఆమె జీవితం గురించి రాసినవాళ్ళు చెబుతారు.

అచ్చమాంబ గురించి రాసేటప్పుడు మనమంతా, నాతో సహా, ఈ ముగింపుని ఒక్క వాక్యంలో దాటేస్తాం. నా సిద్ధాంత వ్యాసంలో కూడా ఒక వాక్యమే ఉంది. రచన అని, సమాజ స్థాపన అని పేజీలు పేజీలు రాసి, సేవ దగ్గరకొచ్చేసరికి 'సేవా తత్పరురాలు' అనేసి ముందుకు వెళ్ళాను. సేవ అనే మాటలో ఉన్న చిక్కే అది. అది స్త్రీ స్వభావం కింద జమైపోతుంది. పని కింద జమకాదు. ఆ రోజుల్లో రోగి పక్కన కూర్చోవడమంటే ఏమేం చేయాలి? దుప్పట్లు ఉడకబెట్టాలి. మలమూత్రాలు ఎత్తాలి. గంటగంటకూ గొంతులో నీళ్ళు పోయాలి. ఎవరు బతుకుతారో ఎవరు బతకరో చూసి నిర్ణయాలు చేయాలి. చదువు, ధైర్యం, నైపుణ్యం అన్నీ కావాలి. అచ్చమాంబ పుస్తకం రాయడానికి వాడిన బుద్ధినే అక్కడా వాడి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. నా థీసిస్‌లో ఆ వాక్యాన్ని ఇక మార్చలేను కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఇంటిని వదిలేసిన రాజ్యం

ప్లేగు అల్లర్ల తర్వాత ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బలవంతపు సోదాలు తగ్గాయి. ఇరవై ఏళ్ళ తర్వాత అంతకన్నా పెద్ద మహమ్మారి వచ్చేసరికి రాజ్యం ఇంట్లోకి రావడం మాట అటుంచి, గుమ్మం దాకా కూడా రాలేదు.

1918 జూన్‌లో బొంబాయి రేవులో కాపలా ఉన్న పోలీసు సిపాయిలు జ్వరాలతో పడ్డారు. యుద్ధం నుంచి తిరిగొస్తున్న సైనికులతో, రైళ్ళతో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా పాకింది. సెప్టెంబరులో మొదలైన రెండో విడత అసలు ప్రాణాంతకం. ఆ ఏడు వానలు పడలేదు. పంటలు పోయి ధరలు మండుతున్నాయి. డాక్టర్లలో చాలామంది యుద్ధంలో ఉన్నారు. సేవా సంఘాలు, కుల సంఘాలు, విద్యార్థులు ఇంటింటికీ మందులు, పాలు, గంజి పట్టుకెళ్ళారు. ప్రభుత్వం ఎక్కువగా చేసింది సలహాలివ్వడం. గాలి వెలుతురు ఉన్న ఇంట్లో పడుకోమన్న సలహా ఒంటిగది గుడిసెల్లో ఉన్నవాళ్ళకు చేరినా చేరకపోయినా ఒకటే.

ఎంతమంది పోయారో ఎవరికీ కచ్చితంగా తెలీదు. దేశంలో 1 కోటి 20 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల దాకా అంచనాలున్నాయి. లెక్క తేలకపోవడానికి కారణం ఉంది. పల్లెల్లో చావులు నమోదు చేయాల్సింది కావలివాడు. అతనికి తెలిసిన గడి 'జ్వరం'. మలేరియా అయినా, ఇన్‌ఫ్లుయెంజా అయినా, పురిటి జ్వరమైనా అదే గడిలో పడేది. 1921 జనాభా లెక్కలు వచ్చాక గానీ నష్టం ఎంతో అర్థం కాలేదు. ఇప్పటి భారతదేశ సరిహద్దుల్లో చూస్తే 1911–21 మధ్య జనాభా 25.2 కోట్ల నుంచి 25.1 కోట్లకు తగ్గింది. మన జనగణన చరిత్రలో జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే. నిజాం రాజ్యంలో 1 కోటి 33 లక్షలున్న జనం 1 కోటి 24 లక్షలయ్యారు. దేశంలో వెయ్యి మంది పురుషులకు 964 మంది ఉన్న స్త్రీలు 955కి పడిపోయారు. స్త్రీల నిష్పత్తి తగ్గడం అంతకుముందూ ఉంది, తర్వాతా ఉంది. ఒక్క ఇన్‌ఫ్లుయెంజా మీదికే నెట్టలేం. కానీ ఈ జబ్బు 20 నుంచి 40 ఏళ్ళ వయసువాళ్ళను, అందులోనూ స్త్రీలను ఎక్కువగా తీసుకుపోయిందని, గర్భిణులు దీన్ని తట్టుకోలేకపోయారని 1921 జనాభా లెక్కల నివేదికే గుర్తించింది.

ఇతర దేశాల్లో చాలాచోట్ల ఆ జ్వరానికి మగవాళ్ళు ఎక్కువగా పోయారు. ఇక్కడ తారుమారైంది. ఎందుకు? అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్ళకు కరువులో ఏం మిగులుతుంది? జ్వరంతోనే నీళ్ళు మోసి, పొయ్యి ఊది, మంచాన పడ్డ అందరికీ చేసి, చివర పడుకున్నవాళ్ళకు చేసేదెవరు? సూక్ష్మజీవికి ఆడా మగా తేడా తెలియకపోవచ్చు. ఇంటికి తెలుసు.

హిందీ కవి నిరాలా భార్య మనోహరాదేవి ఆ జ్వరానికే పోయింది. బెంగాల్‌లో పెరిగిన అతన్ని హిందీ వైపు మళ్ళించింది ఆమేనని అంటారు. ఆ మరణాల గురించి నిరాలా తన స్మృతుల్లో రాసుకున్నాడు కాబట్టి మనకు ఆమె పేరు తెలుసు. కవి దుఃఖంగా తెలుసు. ఆమె జ్వరపడ్డ రోజులు ఎలా గడిచాయో ఆమె మాటల్లో తెలీదు. ఇన్ని లక్షల మంది స్త్రీలు పోయిన ఒక మహమ్మారి నుంచి ఒక్క రోగి గొంతూ, ఒక్క పరిచారిక గొంతూ నా చేతికి తెలుగులో దొరకలేదు. వెతికినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

నడిమి కాలం

రాజ్యం ఇంట్లోకి దౌర్జన్యంగా రాకుండా, ఇంటిని గాలికొదిలేయకుండా ఉండే మూడో దారి ఒకటుంది. జబ్బు లేని రోజుల్లో కూడా ఊళ్ళో ఉండే వైద్యం. 1946లో భోర్ కమిటీ చెప్పింది అదే. అప్పటికి దేశంలో 43 వేల మందికి ఒక నర్సు ఉందని ఆ కమిటీ లెక్క తేల్చింది. ఊళ్ళలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డబ్బులేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్న సూత్రం ఆ నివేదిక నుంచి వచ్చినవే. తర్వాత ఏమైందో మనకు తెలుసు. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం ప్రభుత్వ ఆరోగ్య వ్యయం అని లక్ష్యం పెట్టుకుంది. మహమ్మారి ముంగిట, 2019–20లో, అది 1.35 శాతం దగ్గరుంది.

డబ్బు పెట్టని చోట ఆడవాళ్ళను పెట్టారు. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో 'మితానిన్' అన్న పథకం మొదలైంది. మితానిన్ అంటే స్నేహితురాలు. ఊరి స్త్రీలే ఊరి ఆరోగ్యం చూసుకోవడం. అచ్చమాంబ ప్రాణం పోయిందని చెప్పే బిలాస్‌పూర్ ఇప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉంది. ఆ నమూనా నుంచే 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 'ఆశా' వచ్చింది. దేశంలో ఇప్పుడు దాదాపు 10 లక్షల మంది ఆశా కార్యకర్తలు ఉన్నారు. అందరూ స్త్రీలే. జీతం కాదు, పనికింత అన్న పారితోషికం. ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. అచ్చమాంబ విషయంలో నేను వాడిన 'సేవ' అన్న మాటే ప్రభుత్వ ఉత్తర్వుల్లో 'వాలంటీర్' అయింది.

ఇంటికి అప్పగించిన రాజ్యం

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు ప్రభుత్వాలు బయటకు తీసిన మొదటి ఆయుధాల్లో ఒకటి అదే 1897 చట్టం. ఏప్రిల్‌లో ఆర్డినెన్సుతో, సెప్టెంబరులో సవరణ చట్టంతో వైద్య సిబ్బంది మీద దాడి చేసినవాళ్ళకు శిక్షలు చేర్చారు. అది అవసరమే. కానీ 123 ఏళ్ళ తర్వాత ఆ చట్టాన్ని తెరిచినప్పుడు కూడా శిక్షలే చేర్చాం, హక్కులు చేర్చలేదు.

మొదట్లో పాజిటివ్ వచ్చినవాళ్ళను అంబులెన్సులో గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చుట్టుపక్కల తలుపులు మూసుకునేవి. కేసులు పెరిగాక పడకలు చాలవు కాబట్టి హోమ్ ఐసోలేషన్ వచ్చింది. లక్షణాలు లేనివాళ్ళు, కొద్దిగా ఉన్నవాళ్ళు ఇంట్లోనే ఉండొచ్చని, అయితే 24 గంటలూ చూసుకునే ఒక సంరక్షకుడు ఉండాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జులై మార్గదర్శకాలు చెప్పాయి. వైద్యపరంగా సబబైన నిర్ణయమే. 24 గంటలు ఒక మనిషి. ఆ మనిషి ఎవరో రాయలేదు. రాయనక్కర్లేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో విడుదలైన 2019 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. ఇది మహమ్మారికి ముందరి లెక్క.

ఆ ఇంట్లో ఇంకేముందో కూడా రాజ్యానికి తెలియనిది కాదు. గృహహింస ఫిర్యాదులు పెరిగాయని లాక్‌డౌన్ మొదటి వారాల్లోనే జాతీయ మహిళా కమిషన్ చెప్పింది. 'ఇంట్లో ఉండండి, క్షేమంగా ఉండండి' అన్న నినాదంలో రెండు మాటలకూ పొంతన కుదరని ఇళ్ళు ఎన్నో.

2021 మే నెలలో మా ఇంట్లో మామయ్యకు, నా సహచరుడికి పాజిటివ్ వచ్చింది. మూడో రోజు ఆశా కార్యకర్త వచ్చింది. గేటు బయట నిలబడి మాత్రల కిట్టు గోడ మీద పెట్టింది. చేతిలో ఫారం. వయసు, బీపీ, షుగరు అన్నీ అడిగి చివర, 'ఇంట్ల జూసుకునేటోళ్ళెవరు మేడమ్? పేరు జెప్పుండ్రి' అంది. చెప్పాను. రాసుకుంది. నేను ఇన్నేళ్ళుగా చేస్తున్న పనికి ప్రభుత్వ కాగితం మీద నా పేరు రాయడం అదే మొదటిసారి.

ఆ రోజు ఎండ మామూలుగా లేదు. ఆమెకు మంచినీళ్ళ సీసా ఇచ్చాను. చేతికి కాదు, గోడ మీద పెట్టి వెనక్కి జరిగాను. ఆమె వీధి మలుపు తిరగకముందే గేటు గడియ మీద శానిటైజర్ కొట్టాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది. జాగ్రత్తే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, జాగ్రత్తే. కానీ అంటు అన్న మాటకు ఈ దేశంలో ఉన్న అర్థాలన్నీ చదువుకున్నదాన్ని. ఆమె చూపుకి జవాబు నా దగ్గర లేదు.

ఎనిమిదో రోజు నాకు జ్వరం మొదలైంది. ఆమె మళ్ళీ వచ్చింది. 'మీకూ ఒచ్చిందా? మరి జూసుకునేటోళ్ళు?' అంది. లోపల ఇద్దరు ఇంకా లేవలేని స్థితిలో ఉన్నారు. ఆరేళ్ళ బాబు ఉన్నాడు. 'నేనే' అన్నాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. రోగి అన్న గడిలోనూ, సంరక్షకులు అన్న గడిలోనూ ఒకే పేరు రాసింది. 'శానా ఇండ్లల్ల గిట్లనే రాస్తున్న' అంది.

ఆ రెండు గళ్ళు నన్ను చాలా రోజులు వెంటాడాయి. 1918లో ఆడవాళ్ళు ఎందుకు ఎక్కువ పోయారన్నదానికి పుస్తకాల్లో వెతికిన కారణం నా గేటు దగ్గర ఒక ఫారం మీద కనిపించింది.

కొన్ని నెలల తర్వాత టీకాలు వేసే చోట ఆమెను గుర్తుపట్టి మాట్లాడాను. ఏప్రిల్‌లో ఆమెకూ కోవిడ్ వచ్చిందట. తొమ్మిదో తరగతి చదివే కూతురు ఇల్లంతా చూసుకుందట. తగ్గగానే మళ్ళీ జ్వరాల సర్వేకి వచ్చేసింది. కోవిడ్ పనికి కేంద్రం ప్రకటించిన అదనపు ప్రోత్సాహకం నెలకి వెయ్యి రూపాయలు. చనిపోతే 50 లక్షల బీమా. 'సస్తె విలువ బాగనే గట్టిన్రు' అని నవ్వింది. ఆ మాటే 2020 ఆగస్టులో దేశమంతటా సమ్మె చేసిన ఆశాలు ఇంకోలా అన్నారు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. 2025లో కేరళలో, ప్రజారోగ్యానికి మనమంతా ఆదర్శంగా చెప్పుకునే కేరళలో, ఆశాలు సచివాలయం ముందు నెలల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. అవార్డు వచ్చింది, హోదా రాలేదు.

గడియ సంగతి ఆమెకు గుర్తుందా అని అడగలేకపోయాను. ఈ వ్యాసం రాస్తానని చెప్పి, పేరు పెట్టమంటారా అని మాత్రం అడిగాను. 'ఒద్దు మేడమ్, మెమోలిస్తరు' అంది.

చరిత్రలో పేరులేని స్త్రీల గురించి వాపోవడం మా బోటి పరిశోధకులకు అలవాటు. ఎవరో చెరిపేశారని రాస్తాం. ఈసారి పేరు లేకుండా రాస్తున్నది నేనే. పేరు ఉంటే పని పోతుందని ఆమె భయం. రమాబాయి ఉత్తరం రాసిన రోజుల్లో పూనా స్త్రీలను ఆపిన భయానికీ దీనికీ ఎంత దూరం ఉంది? వందేళ్ళ తర్వాత ఎవరైనా 2021 గురించి రాస్తే ఈ వ్యాసంలో కూడా ఆమె 'ఒక ఆశా కార్యకర్త'గానే కనిపిస్తుంది.

కాబట్టి సంసిద్ధత గురించి మాట్లాడేటప్పుడు పడకలతో పాటు కొన్ని మాటలు మనం చేర్చాలి. ఇంట్లో రోగిని చూసుకునే మనిషికి జీతం నష్టం లేని సెలవు కావాలి. వండలేని ఇంటికి వండిన అన్నం చేరాలి. చూసుకునే మనిషే పడిపోతే రెండు పూటలా వచ్చి చూసే నర్సు కావాలి. గుమ్మం దాకా వచ్చే ఆమెకు ఉద్యోగం, జీతం, తన పేరుతో మాట్లాడే ధైర్యం కావాలి. ఇవేవీ మహమ్మారి వచ్చాక తయారుచేసుకునేవి కావు. మామూలు రోజుల్లో ఉంటేనే ఆ రోజున ఉంటాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా నా సహచరుడు థర్మామీటర్ తీసుకుని ముందు వస్తాడు. అది నేర్పడానికి మాకు ఒక మహమ్మారి కావాల్సొచ్చింది. అయినా ఇది ఒక్కో ఇంట్లో ఒక్కో మగవాడు మారితే తీరే సంగతి కాదు. వచ్చే మహమ్మారికి కూడా ఒక ఫారం తయారవుతుంది. 'చూసుకునేవారెవరు' అన్న గడి అందులో తప్పకుండా ఉంటుంది. దాని కింద ఇంకొక గడి ఉండాలని మనం ఇప్పటినుంచే అడగాలి. ఆమెను చూసుకునేవారెవరు?